ముప్పై ఆరో కృత్యం

పొద్దున తొమ్మిది కొట్టగానే హనుమకొండ నోరు మూసుకునేది.

అది 2079వ సంవత్సరం. తొమ్మిది నుంచి పన్నెండు దాకా స్వీయవేళ. హైస్కూలు పిల్లలున్న వీధుల్లో ఆ మూడు గంటలూ ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. కూరగాయల బండి చప్పుడు లేకుండా వచ్చి నిలబడేది. టమాటా ఎంతని వేళ్లతో అడిగి, వేళ్లతోనే బేరమాడి, కుదరకపోతే మూతి విరిచి వెళ్లిపోయేవారు. పోట్లాట మధ్యలో ఉన్న మొగుడూ పెళ్లాలు తొమ్మిదికి ఆపి, పన్నెండు గంట వినబడగానే సరిగ్గా ఆపిన మాట దగ్గర మళ్లీ అందుకునేవారు. ఊరికి అది అలవాటైపోయింది. కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం ఎవరో పోయారనుకుని కంగారుపడేవారు.

అంతకు ముప్పై ఏళ్ల ముందు యంత్రాలు అడిగిందల్లా చెప్పడం నేర్చాయి. దాంతో పరీక్షలకు అర్థం లేకుండా పోయింది. ఎవరి కాగితం చూసినా వందకు వంద. పోనీ చేతిపనులు ఇద్దామంటే, అవి ఇంట్లోవాళ్లు చేసిపెట్టేవారు. పిల్లవాడు పడుకుంటే తండ్రి అట్టముక్కలు కోసేవాడు, తల్లి రంగులు వేసేది, మేనమామ వైర్లు కలిపేవాడు. తెల్లారి పిల్లవాడు దాన్ని మోసుకెళ్లి టీచరు బల్ల మీద పెట్టేవాడు. అదొక్కటే వాడు చేసిన పని.

చివరికి స్వీయ విద్యా మండలి అని ఒక కొత్త సంస్థ వచ్చి పరీక్షలు ఎత్తేసింది. పదో తరగతి పిల్లలకు ఏడాదికి ముప్పై ఆరు గృహకృత్యాలు ఇచ్చింది. ఇంట్లో, ఒంటరిగా, ఎవరినీ అడగకుండా చేసుకోవాలి. బడికి శనివారం ఒక్కరోజు వెళితే చాలు, అదీ ఆటలకూ పాటలకూ. మరి ఒంటరిగానే చేశారని ఎవరు చూసొచ్చారు? దానికోసమే స్వయంసాక్షి.

స్వయంసాక్షి చొక్కా గుండీ అంత ఉంటుంది. చెవి వెనక అంటించుకుంటే అది పరారుణ కిరణాల్ని, అంటే ఇన్‌ఫ్రారెడ్‌ని, పుర్రె లోపలికి పంపి మెదడులో ఏ భాగానికి ఎంత రక్తం పోతోందో చూస్తుంది. ఇంకొకరు చెప్పగా తెలిసిన సంగతికి మెదడు ఒక తీరుగా కదులుతుంది. తనంతట తాను వెతుక్కున్న సంగతికి ఇంకో తీరుగా కదులుతుంది. శాస్త్రవేత్తలు సిగ్నేచర్ అనేదానికి తెలుగులో జాడ అని పేరు పెట్టి, మొదటిదాన్ని అరువు జాడ అనీ రెండోదాన్ని సొంత జాడ అనీ అన్నారు. అరువైతే గది తలుపు పైన బయటివైపున్న దీపం ఎర్రగా వెలుగుతుంది. సొంతమైతే పచ్చగా వెలుగుతుంది. పిల్లలు చేసిన వస్తువుల్ని మండలి అసలు చూసేదే కాదు. వస్తువు ఎవరైనా చేసిపెట్టొచ్చు, దీపం మాత్రం అబద్ధమాడదని దాని నమ్మకం.

ఆ దీపాన్ని కనిపెట్టిన డాక్టర్ ఓదెలు, ఆ మంగళవారం పొద్దున, నయీంనగర్‌లో తన ఇంట్లోనే, కూతురి గది తలుపు బయట, చెప్పులు విడిచి, దొంగలాగా ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు.

తలుపు సందులోంచి చూస్తే, గదిలో సమత నేలమీద కూర్చుని ఉంది. పదిహేనేళ్ల పిల్ల. చుట్టూ పదకొండు ప్లాస్టిక్ సీసాలు, ఒక బేసిను, కత్తెర, తడిసిన కాగితాలు. ముప్పై ఐదు కృత్యాలు అయిపోయాయి. మిగిలింది ఆఖరిది. ఇంట్లో దొరికే వస్తువులతో పది నిమిషాలు కొలిచే నీటి గడియారం చేయాలి. నిమిషానికొక గీత ఉండాలి, గీతల మధ్య దూరం సమానంగా ఉండాలి.

పై సీసాకు అడుగున చిల్లు పెట్టి కింద సీసాలోకి నీళ్లు వదులుతోంది సమత. పైన నిండుగా ఉన్నప్పుడు ధార జోరుగా పడుతుంది. తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. అందుకే మొదటి గీతల మధ్య మూడు వేళ్ల దూరం ఉంటే ఆఖరి గీతల మధ్య వేలెడు కూడా లేదు. పిల్ల మాత్రం తప్పంతా చిల్లుదేననుకుని సీసా మీద సీసా మారుస్తోంది. పై సీసాను ఎప్పుడూ పొర్లుతూ ఉంచితే సరి. మట్టం మారదు, ధారా మారదు. ఒక్క మాట. ఆ మాట ఓదెలు నాలుక చివర కూర్చుని ఉంది.

నిన్న ఇక్కడే నిలబడి దగ్గాడు. కావాలని కాదు. పిల్ల సరిగ్గా చిల్లుకేసి సూది తీసుకెళ్తుంటే గొంతులో ఏదో అడ్డుపడింది. తండ్రి దగ్గులన్నీ సమతకు తెలుసు. చెయ్యి ఆపింది. అంతే, ఓదెలు నెత్తిమీద దీపం ఎర్రబడింది. కృత్యానికి మూడు అవకాశాలు. మూడూ ఎరుపైతే ఆ ఏడాది మొత్తం పోయినట్టే. ముప్పై ఆరూ మళ్లీ మొదటినుంచి చేయాలి. గడువు శుక్రవారం.

సమత తల తిప్పి తలుపు వైపు చూసింది. ఓదెలు పక్కకు తప్పుకున్నాడు. ఆ చూపు తలుపును దాటి తన గుండెకు తగిలినట్టయింది అతనికి.

అప్పుడే వంటింట్లో నీళ్లు పొర్లుతున్న చప్పుడు వినబడింది. బకెట్టు నిండి, అంచులు దాటి, గచ్చు మీద పడుతున్న చప్పుడు. మూడు గంటల నిశ్శబ్దంలో అది ఇల్లంతా పాకింది. ఓదెలు పరుగున వెళ్లేసరికి అతని భార్య రజిత నల్లా పక్కన నిలబడి ఉంది. చెయ్యి నల్లా మీదే ఉంది కానీ కట్టెయ్యడం లేదు. కళ్లు మూసుకుని ఉంది. పొర్లితే చాలన్న సంగతి నిన్న సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు ఓదెలే ఆమెకు చెప్పాడు. కడుపులో దాచుకోలేక చెప్పాడు.

అతను నల్లా కట్టేసి వెనక్కి వచ్చి చూశాడు. దీపం ఎర్రగా ఉంది.

పన్నెండు గంట కొట్టేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. కొట్టగానే రజితే మొదలుపెట్టింది.

"ఏం జూస్తున్నవ్ గట్ల? నల్లా ఇప్పి మర్శిపోయిన. గంతే."

"మర్శిపోయినవా?"

"మర్శిపోలే." ఆమె కూతురి గది వైపు చెయ్యి చూపించింది. "కన్నతల్లి పక్క అర్రల ఉండంగ పిల్ల గట్ల తన్లాడుతుంటే ఊకుండుడెట్ల? ఒక్క మాట జెప్తే ఏం మునుగుతది? ఏం మిషిన్ జేసినవయ్యా నువ్వు?"

"మా బాపు నాకు చేసిపెట్టిండు. ఏమైందో నీకు తెల్వదా?"

రజితకు తెలుసు. పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు. ఎనిమిదో తరగతిలో జిల్లా సైన్స్ ఫెయిర్‌కు ఓదెలు ఒక లిఫ్టు తీసుకెళ్లాడు. కరెంటు పనిచేసే తండ్రి ఐలయ్య వారం రోజులు కూర్చుని చేసిన లిఫ్టు. మీట నొక్కితే నాలుగంతస్తులు ఎక్కి దిగేది. బహుమతి ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి దాన్ని మెచ్చుకుని, ఎదురు బరువు ఎందుకు పెట్టావు బాబూ అని అడిగాడు. పిల్లవాడు తండ్రి మొహం చూశాడు. పెద్దమనిషి నవ్వి, అయితే బహుమతి మీ నాన్నకే ఇద్దామా అన్నాడు. హాలంతా నవ్వింది. ఐలయ్య కూడా నవ్వాడు, పాపం, అంతకంటే ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. ఆ నవ్వు ఓదెలు చెవుల్లోంచి ముప్పై మూడేళ్లయినా పోలేదు. ఏ పిల్లా ఇంకెప్పుడూ పక్కకు చూడకూడదనే అతను ఆ దీపం కనిపెట్టాడు.

ఆ మధ్యాహ్నం అతను పరిశోధనశాలకు వెళ్లి చెయ్యకూడని పని ఒకటి చేశాడు. అక్కడ పిల్లలందరి జాడల్నీ దాచి, వడగట్టి చూసే యంత్రం ఉంది. దాని పేరు విశ్లేషిణి. మాట్లాడితే అక్షరాలు ఒత్తి ఒత్తి పలికేది.

"విశ్లేషిణీ, సమత జాడలు తెరువు."

"సొంత పిల్లల జాడలు చూడకూడదన్న నిబంధన మీరు రాసిందే, డాక్టర్ ఓదెలు."

"తెలుసు. తెరువు."

తెర మీద ముప్పై ఐదు గీతలు పరుచుకున్నాయి. కొండల్లా లేస్తూ, పడుతూ, చివర ఒక్కసారిగా చదునైపోయి. ఆ చదునే పచ్చదీపం.

"ఈ పిల్లకు జవాబు ఎట్ల తడుతుందో చూడాలె. తట్టిన క్షణాలు ఒక్కొక్కటి చూపించు. పచ్చ వెలిగిన క్షణాలు."

"అవి రెండూ ఒకటి కావు."

"ఏంది?"

"జవాబు తట్టడానికి సగటున పదకొండు నిమిషాల ముందే పచ్చ వెలుగుతోంది. ముప్పై ఐదింటిలో తొమ్మిదిసార్లు ఆమెకు జవాబు తట్టనే లేదు. అయినా పచ్చ వెలిగింది."

ఓదెలు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "మరి పచ్చ వెలిగిన క్షణంల ఏం జరుగుతుంది?"

"గుండీలో తల కదలికల నమోదు కూడా ఉంది. అంతవరకు సుమారు రెండు నిమిషాలకొకసారి ఆమె తల తలుపు వైపు తిరుగుతోంది. ఆ క్షణం తర్వాత తిరగడం మానేస్తోంది."

"మిగతా పిల్లలందరివి చూడు."

"చూశాను. నాలుగు లక్షల పన్నెండు వేల మంది. అందరికీ అంతే."

ఓదెలు లేచి తెర ముందు నిలబడ్డాడు. పదేళ్లుగా తాను కొలుస్తున్నది ఆలోచన అనుకున్నాడు. ఊరూరా తిరిగి అదే చెప్పాడు.

"అది ఏంది మరి? నేను కొలిచేది ఏంది?"

"నా దగ్గర పేరు లేదు. పోలిక ఉంది. పదేళ్ల కిందట మీరు పసిపిల్లల మెదళ్లు నమోదు చేశారు. అందులో ఎనిమిది నెలల బిడ్డ ఒకటి. ఉయ్యాలలో ఏడుస్తూ ఉంది. తల్లి వేరే గదిలో చిక్కుకుపోయి రాలేకపోయింది. నలభై నిమిషాలకు బిడ్డ ఏడుపు ఆపింది. ఆపిన క్షణంలో ఆ మెదడు జాడా, ఈ పచ్చ జాడా ఒకటే."

"ఆ బిడ్డ నిద్రపోయి ఉంటది."

"లేదు. కళ్లు తెరుచుకునే ఉంది."

ఓదెలు తెర మీది చదును మీద వేలు పెట్టాడు. విశ్లేషిణికి మౌనం అర్థం కాదు. అందుకే అడిగింది.

"మండలికి నివేదిక పంపమంటారా?"

పంపితే ఏమవుతుందో అతనికి తెలుసు. పచ్చదీపాలన్నీ చెల్లకుండా పోతాయి. సమత ముప్పై ఐదు, మూడు రోజుల్లో వెలగాల్సిన ఆ ఒక్కటి, అన్నీ. ఏడాదంతా ఆ గదిలో కూర్చున్న పిల్లకు నీ కష్టం చెల్లలేదు బిడ్డా అని తనే చెప్పాలి. నాలుగు లక్షల మంది పిల్లలు అతనికి గుర్తురాలేదని కాదు. గుర్తొచ్చారు. కానీ తన పిల్ల పక్కన పెట్టి చూస్తే అంతమందీ తేలిపోయారు. లిఫ్టు బిగించేటప్పుడు ఐలయ్యకు కూడా మిగతా పిల్లలు ఇలాగే తేలిపోయి ఉంటారు.

"శుక్రవారం పోనియ్," అన్నాడు ఓదెలు. "తర్వాత చూద్దాం."

ఇంటికి వెళ్లే దారిలో అతనికి ఇంకో సంగతి తట్టింది, తట్టినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. పచ్చదీపం ఎలా వెలిగించాలో ఇప్పుడు తనకు తెలుసు. ఆ పిల్ల ఎవరూ రారని నమ్మితే చాలు. జవాబు కూడా అక్కర్లేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి పది నిమిషాలుండగా సమత గది గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, మేమిద్దరం బయటికి పోతున్నం. పన్నెండు దాక రాం."

"సరే బాపూ."

"ఫోన్ జేసినా ఎత్తం."

సమత తల ఎత్తింది. చెవి వెనక గుండీ మెరిసింది. "నేనెందుకు జేస్త?"

"చేసినా ఎత్తం. ఏమైనా సరే ఎత్తం. నువ్వు పిలిస్తే వచ్చేటోళ్లు ఎవ్వరు లేరనుకో." గొంతు కటువుగా ఉండాలని ముందే అనుకున్నాడు. అనుకున్నదానికన్నా కటువుగా వచ్చింది.

"కోపమొచ్చిందా బాపూ? రెండుసార్లు ఎర్రగైందని?"

అతను జవాబు చెప్పలేదు. చెబితే ఆశ మిగులుతుంది. తలుపు దగ్గరికి లాగి, రజిత చెయ్యి పట్టుకుని కిందికి దిగిపోయాడు.

ఎక్కడికీ వెళ్లలేదు. కింద మెట్ల మీద కూర్చున్నారు. వీధి మూగగా ఉంది. ఎదురింటి ముసలాయన పాల పొట్లం పట్టుకుని పోతూ ఏమైందని కనుబొమలతో అడిగాడు. ఏం లేదని ఓదెలు తల ఊపాడు. పది గంటలు దాటి ఐదు నిమిషాలకు ఫోను వణికింది. సమత. రజిత చెయ్యి చాపింది. ఓదెలు ఫోనును పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. అది వణికి వణికి ఆగింది. రెండు నిమిషాలకు మళ్లీ వణికింది. రజిత అతని వేళ్లు విప్పబోయింది, గోళ్లు దిగి రక్తం చిమ్మింది, నోరు తెరిచి అరవలేక కొంగు నోట్లో కుక్కుకుంది. రెండోసారి కూడా ఆగిపోయింది. ఇద్దరూ మూడోసారి కోసం చూశారు. మూడోసారి రాలేదు.

పది నలభైకి మండలి నుంచి సందేశం వచ్చింది. పచ్చ.

పన్నెండు కొట్టాక పైకి వెళ్లారు. సమత గడియారం పనిచేస్తోంది. నల్లాకు కట్టిన గొట్టంలోంచి పై సీసాలోకి నీళ్లు పడుతున్నాయి, ఎక్కువైనవి పక్క చిల్లులోంచి బేసినులోకి పొర్లుతున్నాయి, కింద సీసాలో మట్టం ఒక్కో గీతనూ తాకుతూ తీరిగ్గా పైకి వస్తోంది. గీతలు కొలిచి గీసినట్టు సమానంగా ఉన్నాయి. పిల్లకు జవాబు కూడా తట్టింది.

దాని ఎడమ చేతి చూపుడువేలికి చున్నీ ముక్క కట్టి ఉంది. గుడ్డ అంతా ఎర్రగా తడిసి ఉంది.

"అయ్యో బిడ్డా! ఏమైందే?" రజిత పరుగెత్తింది.

"కత్తెర దిగింది. రక్తం ఆగలే." సమత మామూలుగా చెప్పింది. "జర భయమైంది. అందుకే ఫోన్ జేసిన. తర్వాత నేనే కట్టుకున్న."

ఓదెలు గోడకు ఆనుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. సమత అతన్ని చూసి నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. అవి ఉన్నా బాగుండేది.

"నువ్వు చెప్పింది నిజమే బాపూ. ఎవ్వరొస్తరని జూసినంతసేపు ఏం తోచలే. రారని తెలిసినంక అంత నిమ్మలమైంది. ఇంకెప్పుడు పిల్వను."

సోమవారం మండలికి అంతా చెప్పేద్దామనుకున్నాడు ఓదెలు. సోమవారం సమతకు పట్టా వచ్చింది, ఇంటికి చుట్టాలు వచ్చారు. పై సోమవారం అనుకున్నాడు. అలా ఆరు సోమవారాలు గడిచాయి. ఆ ఆరు వారాల్లో సమత ఎవరినీ ఏదీ అడగలేదు. జ్వరం వస్తే తనే మాత్ర వేసుకుంది. అమ్మ జడ వేస్తానంటే వద్దంది. పక్కింటి చిన్నపిల్ల బూటు లేసు ముడి పడక ఏడుస్తుంటే పక్కన కూర్చుని గంటసేపు చూసింది, చెయ్యి మాత్రం వెయ్యలేదు. ఎందుకే అని రజిత కసిరితే, "ఆ పిల్లది ఆ పిల్లకే ఉండనియ్ అమ్మా, మనమెందుకు దొంగతనం జేసుడు," అంది. ఓదెలు విన్నాడు. విని, నివేదిక తెరిచి, మొదటి వాక్యం రాశాడు.

అది ఏడో సోమవారం. రెండో వాక్యం రాయబోతుంటే కుడిచెయ్యి మాట వినలేదు. లేవబోయి కుర్చీతో సహా కింద పడ్డాడు.

మూడు వారాలకు పునర్వాస కేంద్రం అతన్ని ఇంటికి పంపింది. మెదడులో ఎడమవైపు రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ఎదుటివాళ్లు అన్నవన్నీ అర్థమవుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. అక్షరాలు కూడా పోయాయి, ఎడమచేత్తో రాద్దామన్నా ఏ గీత ఏ శబ్దమో తెలియదు. డాక్టర్లు వాచాఘాతం అన్నారు, ఇంగ్లిష్‌లో అఫేసియా. దానికి వైద్యం ఇంట్లోనే. ఒంటరిగా చేసుకోవాల్సిన కృత్యాలు ముప్పై ఆరు. పోయిన మాటల్ని రోగి తనంతట తాను వెతుక్కోవాలి, ఎవరైనా అందిస్తే మెదడు బద్ధకిస్తుంది. ఈ పద్ధతిని ఆ కేంద్రానికి నాలుగేళ్ల కిందట సిఫారసు చేసింది డాక్టర్ ఓదెలే. అతని సంతకం వాళ్ల గోడ మీద అద్దంలో ఉంది.

సమత అతన్ని తన గదిలోనే కూర్చోబెట్టి చెవి వెనక గుండీ అంటించింది. వేళ్లు మెత్తగా తగిలాయి. ఎడమ చూపుడువేలి మీద మచ్చ ఉంది.

మొదటి కృత్యం చాలా చిన్నది. కావాల్సిన వస్తువును పేరుతో అడగాలి. ఇప్పటికే రెండు ఎరుపులు అయ్యాయి, రెండూ రజిత వల్లే. మొగుడి పెదాలు ఎండిపోవడం చూడలేక మొదటిసారి గొణిగింది, రెండోసారి పేరు పలికేసింది. మూడోది కూడా ఎరుపైతే కేంద్రం అతని పేరును కోలుకోనివాళ్ల జాబితాలో వేసి వైద్యం ఆపేస్తుంది.

"అమ్మా, నువ్వు కింద మెట్ల మీద కూసో," అంది సమత. "ఇక్కడుంటే నీతోని కాదు."

"బిడ్డా, మీ బాపు పొద్దటి సంది గుక్కెడు..."

"అమ్మా!"

రజిత నోరు మూసుకుంది. మొగుడి వైపు చూసింది. పదేళ్లు ఊరందరికీ నువ్వే చెప్పినవ్ కద అన్నట్టున్నాయి ఆ కళ్లు. మెట్లు దిగిపోయింది.

సమత బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టింది, అతని చెయ్యి అందనంత దూరంలో. పక్కన తన గడియారం పెట్టింది, పది గీతలది. నల్లా గొట్టం బిగించింది. పై సీసా నిండి పొర్లడం మొదలైంది.

"పది నిమిషాలు బాపూ. తొందర లేదు. నిమ్మలంగ."

ఓదెలు గ్లాసు వైపు చూశాడు. నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది. ఎదురుగా అది ధార కడుతోంది, పొర్లుతోంది, బేసినులో చప్పుడు చేస్తోంది. దాని పేరు అతనికి మాటలు నేర్చిన ఏడాది నుంచీ తెలుసు. నోరు తెరిచాడు. "కి... కిటికీ," అని వచ్చింది. తల అడ్డంగా ఊపి మళ్లీ ప్రయత్నించాడు. "కిటికీ." ఎడమచెయ్యి చాపి చూపించాడు.

"చూపిస్తే కాదు బాపూ. పేరు."

అతనికి కావాల్సింది నిజానికి అదొక్కటే కాదు. ఇంకో మాట ఉంది. ఆ దీపం తప్పు బిడ్డా. మీరందరూ నేర్చింది అది కాదు. నన్ను చూసి నేర్చుకోకు, నాకు చెప్పు, ఒక్క మాట అందించు. అంతా లోపల పొందిగ్గా పేర్చి ఉంది, బయటికి మాత్రం కిటికీ తప్ప ఏమీ రావడం లేదు. అతను కూతురి కళ్లల్లోకి చూశాడు, హాలులో తండ్రి మొహం చూసిన పిల్లవాడిలాగా.

సమత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దానికి తండ్రంటే ప్రాణం. అందుకే లేచి నిలబడింది.

"నా దిక్కు చూడకు బాపూ. చూస్తే ఎర్రగైతది. నేనుంటే నీకు రాదు. నేను బయటికి పోత. నువ్వు పిలిచినా రాను, సరేనా?"

తలుపు మూసుకుంది.

ఓదెలు తలుపు వైపు చూశాడు. గడియారంలో రెండో గీత మునిగింది. మళ్లీ చూశాడు. మూడోది మునిగింది. అవతల నిలబడి ఉంటుందని అతనికి తెలుసు, చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి. ఎన్నిసార్లు తను నిలబడలేదు అక్కడ. చెవులు రిక్కించి విన్నాడు. ఒక్క దగ్గు. చిన్న దగ్గు చాలు. ఐదో గీత. "కిటికీ!" అని అరిచాడు. గొంతు పగిలేలా అరిచాడు. తలుపు కదల్లేదు. ఆరో గీత. సమత తనకంటే గట్టిది, తను దగ్గాడు కానీ అది దగ్గలేదు. ఏడో గీత మునిగేసరికి అతను ఇక తలుపు వైపు చూడలేదు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. నీళ్లు పడుతున్నాయి. లోపల అంతా నిమ్మళించింది.

అవతల చప్పట్లు వినబడ్డాయి.

"బాపూ! పచ్చగైంది! నీ అంతట నువ్వే చేసినవ్!" సమత తలుపు తోసుకుని వచ్చి అతని మెడ చుట్టూ చేతులు వేసింది. అది నవ్వుతోంది, ఏడుస్తోంది, తడి చెంప అతని చెంపకు ఆనించింది. "దొరికింది కద? మాట దొరికింది కద?"

ఓదెలు పెదాలు కదిపాడు.

"వద్దొద్దు, నాకు చెప్పకు. అది నీ సొంతం." సమత కళ్లు తుడుచుకుని గ్లాసును పక్కకు జరిపింది, దుమ్ము పడకుండా మూత పెట్టింది, రెండో కృత్యం కాగితం తీసి అతని ఎదురుగా పరిచింది. "ఇంక ముప్పై ఐదే బాపూ."